నీళ్ళు గడప దాటని గది

ఆ రోజు కత్తెరమ్మ ఒక పెళ్ళికూతురి గౌను చేతిని భుజం దగ్గర కోయవలసింది మోచేతి దగ్గర కోసేసింది. ఆ తెగిన ముక్కని ఒళ్ళో వేసుకుని పసిపిల్లని జోకొట్టినట్టు జోకొడుతుంటే, చెల్లెలు గుమ్మంలోనే కొయ్యబారి నిలబడిపోయింది. అదే సాయంత్రం బస్సు దిగి వచ్చిన కూతురు తల్లి వాలకం చూసి, చేతిలో సంచి కింద పెట్టకుండానే, "ఆదివారం అమ్మని తీసుకెళ్ళిపోతాను పిన్నీ" అని తేల్చేసింది.

తెల్లవారింది. కూతురు వంటింట్లో కడిగిన కప్పులనే మళ్ళీ కడుగుతోంది. చెల్లెలు పొయ్యి దగ్గర నిలబడి, పాలు పొంగుతాయేమోనని చూస్తున్నట్టు నటిస్తోంది. కత్తెరమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చీకాకుగా చేతి మీంచి దారాలు ఏరుతోంది. అక్కడ దారాలు లేవు.

"ఆ పిల్లల్ని బల్ల మీంచి దింపండే. బట్ట నలిగిపోతుంది," అందావిడ.

పిల్లలూ లేరు, బల్లా లేదు. కూతురు పిన్ని వైపు చూసింది. చూశావా అన్నట్టు.

ఆ వీధిలో ఈ అక్కాచెల్లెళ్ళని పేర్లతో పిలిచేవాళ్ళు లేరు. అక్క గుడ్డ కోస్తుంది కనుక కత్తెరమ్మ, చెల్లెలు కుడుతుంది కనుక సూదమ్మ. కింద దుకాణం, దాని వెనక కోత గది, మీద కాపురం. పెళ్ళికూతుళ్ళ తెల్ల గౌన్లు తప్ప మరొకటి కుట్టరు. వాళ్ళిద్దరూ మాటా మాటా అనుకున్న రోజున పక్క బేకరీ ఆయన, "అమ్మా, కత్తెరా సూదీ విడిపోతే ఊళ్ళో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, కాస్త సర్దుకోండి" అని గోడ అవతలినుంచి కేకేసేవాడు.

సర్దుకోవడం వాళ్ళకి కొత్త కాదు. అక్క తక్కువ మాట్లాడుతుంది, ఆ తక్కువని చెల్లెలు పూరిస్తుంది. కొలతలు అక్క తీస్తే, బేరం చెల్లెలు ఆడుతుంది. ఎవరైనా "మీకెలా ఉందండీ" అని కత్తెరమ్మని అడిగితే "మా అక్కకేం, దివ్యంగా ఉంది" అని సూదమ్మ చెబుతుంది. ఇన్నేళ్ళలో ఇది వింతగా ఎవరికీ అనిపించలేదు, వాళ్ళకి అసలే అనిపించలేదు.

కూతురు వాదన ఒక్కటే. అమ్మకి వయసు మీద పడింది, మతి జారుతోంది, పిన్నికీ ఓపిక లేదు, ఇక ఇది ఇద్దరు ముసలివాళ్ళు నెట్టుకొచ్చే సంసారం కాదు. రాత్రీ పగలూ కనిపెట్టుకుని చూసే మనుషులున్న చోట అమ్మ ఉండాలి. మొన్న ఫోన్‌లో అమ్మ, నాన్నని ఒకసారి పిలు, మాట్లాడాలి అందట. ఆయన పోయి ఎంత కాలమైందో పిన్నికి తెలియదా?

సూదమ్మ వాదనా ఒక్కటే. అక్కి రాకముందు అక్క ఇలా లేదు. ఎడమ పక్కటెముకల మీదుగా నడుముకి పట్టీ కట్టినట్టు ఎర్రటి పొక్కులు లేచాయి, చీర తగిలితే నిప్పు తగిలినట్టు విలవిల్లాడింది. డాక్టరమ్మ వైరస్‌కి మాత్రలు రాసింది. తెల్లటి, లావుపాటి మాత్రలు, రోజుకి ఐదుసార్లు. అవి వేసుకున్నాక పొక్కులు పక్కు కట్టాయి కూడా.

"మందు పనిచేసిందిలే పిన్నీ. మనిషే పనిచేయట్లేదు."

ఆ మాట సూదమ్మకి గుండెలో గుచ్చుకుంది. ఆ వాకిట్లోంచి వెళ్ళినవాళ్ళెవరూ వెళ్ళినట్టుగా తిరిగి రావడం ఆమె ఎరగదు. బావగారిని స్ట్రెచర్ మీద దింపారు. తన మొగుడు దీపానికి బల్బు కొనుక్కొస్తానని వెళ్ళి, ఈనాటికీ బల్బు తేలేదు. ఈ పిల్ల పెళ్ళి చేసుకుని వెళ్ళి, తర్వాత ఎప్పుడు వచ్చినా చుట్టంలాగే వచ్చింది. ఇప్పుడు అక్క. అక్క వెళ్ళిపోతే ఆ ఇంట్లో మాట్లాడటానికి మాటలుంటాయి గానీ, ఎవరి తరఫున మాట్లాడాలి?

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. మతి పోయిందని ఆవిడ అంటే సూదమ్మ నోరెత్తదు, తనే పెట్టె సర్ది ఇస్తుంది. కాదంటే కూతురు నోరెత్తకూడదు.

*

డాక్టరమ్మ గది చిన్నది. బరువు తూచే యంత్రం మీద ఎవరిదో మర్చిపోయిన గొడుగు ఉంది. ఆవిడ కళ్ళజోడు జుట్టులోకి ఎగదోసుకుని కత్తెరమ్మకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. జ్వరం చూసింది. మెడ ముందుకు వంచి చూసింది. నవ్వమంది. రెండు చేతులూ చాపమంది. చాపిన చేతులు గాలికి గుడ్డ అల్లల్లాడినట్టు అల్లల్లాడాయి. వెంట్రుకవాసి తేడా లేకుండా శాటిన్ కోసే చేతులవి. సూదమ్మ మొహం తిప్పేసుకుంది.

ఇవాళ ఏ వారమమ్మా, అని డాక్టరమ్మ అడిగింది.

కత్తెరమ్మ ఆవిడని ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా, "మీ నడుము ఇరవై తొమ్మిదండీ. కుచ్చులు ఎక్కువ పెట్టించుకోకండి, నప్పవు," అంది.

డాక్టరమ్మ నవ్వింది గానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఇలా ఎప్పట్నుంచి ఉంది, అంది. మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకని సూదమ్మ చెప్పింది. ఆ మాట నోట్లోంచి వచ్చాకే దాన్ని తానే మొదటిసారి విన్నట్టయింది. డాక్టరమ్మ కలం ఆగింది.

అక్కణ్ణించి ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మాత్ర ఎలా వేస్తున్నారు? వేళకే వేస్తున్నారా? సూదమ్మ కొంచెం నీళ్ళు నమిలింది. పొద్దున మాత్ర వేళకే పడుతుంది. పగటివి పడవు. పగలంతా అక్క కోత గదిలో ఉంటుంది కదా. అందుకని పగలు తప్పినవి దాచి, సాయంత్రం గదికి తాళం పడ్డాక, సాయంత్రం మాత్రతో కలిపి ఒక్కసారే తానే మింగిస్తోంది. లెక్క తప్పకూడదు కదండీ అంది. వేరే మాత్రలేమైనా ఉన్నాయా అంటే, మోకాళ్ళ నొప్పికి మందుల షాపువాడు ఇచ్చేవి ఉన్నాయంది. అక్కి మంట కూడా తోడయ్యాక అవి రెట్టింపయ్యాయి.

"నీళ్ళు ఏమాత్రం తాగుతారు?"

ఇక్కడ సూదమ్మకి కాస్త ఊపిరి వచ్చింది. ఇది తాను గర్వంగా చెప్పుకోదగ్గ విషయం. కొత్తగా పనికి చేరే ఆడపిల్లలందరికీ చెప్పే విషయం. కోత గదిలోకి నీళ్ళు రావు. గ్లాసు గడప దాటదు. ఒక్క చుక్క శాటిన్ మీద పడిందంటే అక్కడ ఉంగరంలా మరక నిలుస్తుంది, ఉతికినా పోదు, గౌను మొత్తం దండగ. తాగితే బయటికి పోవాలి, పోతే చేతులు కడగాలి, కడిగితే ఆరేదాకా బట్ట ముట్టకూడదు. అంచేత అక్క అసలు తాగడమే మానేసింది.

"పొద్దున టీ తాగి బల్ల దగ్గర నిలబడిందంటే, మళ్ళీ దీపాలు పెట్టాకేనండీ నోట్లో చుక్క పడేది. అలాంటి మనిషి మా అక్క."

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టేసింది.

డాక్టరమ్మ మెల్లగా, మొదటిసారి వచ్చినప్పుడు కిడ్నీల సంగతి అడిగాను, గుర్తుందా అంది. సూదమ్మకి గుర్తుంది. డాక్టరమ్మ అక్కని అడిగింది. అక్క పెదవి విప్పేలోగా, "మా అక్కకేమండీ, ఇనుము" అని తాను అంది. అక్క విప్పిన పెదవి మూసేసుకుంది. అది కూడా గుర్తుంది.

ఇప్పుడు కూతురు తన వైపే చూస్తోంది. సూదమ్మ చేతిసంచి పట్టీని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. చెప్తే, ఇలాంటి దాని దగ్గర మా అమ్మని వదలనని ఈ పిల్ల ఇవాళే బయల్దేరదీస్తుంది. చెప్పకపోతే మతి పోయిందనుకుని వదిలేస్తారు. చెప్తే అక్క తన దగ్గర ఉండదు. చెప్పకపోతే అక్క అక్కలా ఉండదు.

"కాళ్ళు వాచాయండీ, అప్పుడెప్పుడో," అంది. "వేరే డాక్టరు రక్తం చూసి కిడ్నీలు కొంచెం నెమ్మదించాయన్నారు. వాపు తీసేసింది. మళ్ళీ వెళ్ళలేదు. నేనే... ఏమీ లేదన్నాను మీతో. తనని చెప్పనివ్వలేదు."

వాపు తీసేసినంత మాత్రాన కిడ్నీలు మళ్ళీ కుర్రవి అయిపోవమ్మా, అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది సూదమ్మకి.

తర్వాత ఆవిడ కూతురిక్కూడా అర్థమయ్యేలా చెప్పుకొచ్చింది. ఈ మాత్ర ఒంట్లో పనిచేశాక కిడ్నీల గుండా నీళ్ళతో కలిసి బయటికి పోవాలి. ఈవిడ కిడ్నీలు ముందే నెమ్మది, పైగా నీళ్ళు లేవు. మోకాళ్ళ మాత్రలు వాటి మీద మరో బరువు. ఆ పైన రెండు మూడు మాత్రలు ఒక్కసారే. పోవలసిన మందు పోక ఒంట్లో పేరుకుపోతే, పెద్దవాళ్ళలో మనిషి ఇలా తికమకపడటం, లేనివి కనిపించడం, చేతులు వణకడం ఉంటుంది. కిడ్నీల సంగతి ముందే తెలిసుంటే మోతాదు తగ్గించి రాసేదాన్ని. ఒక పూట తప్పితే గుర్తొచ్చినప్పుడు ఒకటి వేసుకోవాలి, తర్వాతిదానికి వేళయిపోతే తప్పిందాన్ని వదిలేయాలి. రెండూ కలపకూడదు.

"ఇది మతి పోవడం కాదు, మందు పేరుకోవడం అనుకుంటున్నాను. కానీ నా అనుకోవడం చాలదు. తలలోకి ఏదైనా పాకిందేమో చూడాలి, రక్తం చూడాలి. ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ మాత్ర ఇక వెయ్యొద్దు."

దరిద్రపు మందు, అని కూతురు పళ్ళు కొరికింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. మందుని తిట్టకమ్మా, కంటి దగ్గర అక్కి లేస్తే చూపు నిలబెట్టేది ఇదే మందు, మీ అమ్మ పొక్కులు ఆరింది కూడా దీంతోనే. ఎవరికి వారు మొదలుపెట్టకూడదు, ఎవరికి వారు ఆపకూడదు, మనిషిలో తేడా కనిపించిన పూటే నాకు ఒక ఫోను చేయాలి. అంతే.

*

ఆసుపత్రి నడవాలో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉన్నాయి. ఒకరు కదిలితే పక్కవాళ్ళు కూడా కదలాల్సిందే. పిన్నీ కూతురూ మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. లోపల కత్తెరమ్మ చేతికి సెలైన్ ఎక్కుతోంది.

కూతురు అరవలేదు. మా అమ్మ తరఫున తిన్నావు, నవ్వావు, బేరాలాడావు, ఆఖరికి జబ్బులు కూడా నువ్వే చెప్పావు, అంది. అమ్మకి నోరుంది పిన్నీ, అది గుడ్డ కొలిచేటప్పుడు గుండుసూదులు పెట్టుకోవడానికి ఒక్కటే కాదు, అంది.

సూదమ్మ ఎదురు చెప్పలేదు. చెప్పడానికేమీ లేక కాదు. అక్క కూడా మాట్లాడలేదుగా అని అనొచ్చు. నువ్వు ఏడాదికోసారి వచ్చి ఎంత తెలుసుకున్నావు అని అనొచ్చు. కానీ ఇవాళ నాలుక మీద వాలిన ప్రతి మాటా ఎవరిదా అని ఒకసారి తిప్పి చూసుకోవలసి వస్తోంది. ఆఖరికి, "అవునే," అంది. కూతురు ఆ మాటకి సిద్ధంగా లేదేమో, మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

రక్తం ఫలితం వచ్చింది. కిడ్నీలు చాలా అలిసిపోయి ఉన్నాయి. కానీ చెయ్యి దాటిపోలేదు. తలలోకి ఏదీ పాకలేదు. నీళ్ళు ఎక్కించి కనిపెట్టుకుని ఉండటమే, అన్నారు.

కనిపెట్టుకుని ఉన్నారు. మర్నాడు కత్తెరమ్మ దారాలు ఏరడం మానేసి నిద్రపోయింది. నిద్ర, మెలకువ, మళ్ళీ నిద్ర. సూదమ్మ ఒక్కసారి ఇంటికి వెళ్ళి స్నానం చేసి వస్తుంటే, బేకరీ ఆయన ఎదురొచ్చి పరామర్శించాడు. పరామర్శ అయ్యాక నసిగాడు. ఆయన పెదవి మీద పొక్కుల గుంపు లేచింది. అక్కీ ఇదీ ఒకే కుటుంబం జబ్బులట కదా, మిగిలిన మాత్రలు నాలుగు ఇటు పారెయ్యి చెల్లెమ్మా, ఊరికే పాడైపోతాయి కదా అన్నాడు.

సూదమ్మ ఆయన్ని ఒక్క క్షణం తేరిపార చూసి, "నీ కిడ్నీలు ఎలా ఉన్నాయన్నయ్యా?" అంది.

ఆయన తన ఆస్తి వివరాలు అడిగినట్టు తెల్లబోయాడు. డాక్టరమ్మకి చూపించుకో, నువ్వు వేసుకునే బీపీ మాత్రలు కూడా వెంట పట్టుకెళ్ళు, అది మానేదాకా మనవడిని ముద్దుపెట్టుకోకు అని చెప్పి, ఆయన నోరు మూతపడకముందే సూదమ్మ బస్సెక్కేసింది.

ఆ మరుసటి మధ్యాహ్నం కత్తెరమ్మ కళ్ళు తెరిచి, కప్పిన దుప్పటి అంచు పట్టుకుని వెలుతురికేసి తిప్పింది. కుట్టు వెంట బొటనవేలు నడిపింది.

"ఎవడే ఇది కుట్టింది? నడుస్తూ కుట్టాడా?"

సూదమ్మ నవ్వబోయి ఏడ్చింది. కూతురు ఏడవబోయి నవ్వింది. ఏ వారమో కత్తెరమ్మే అడిగింది. చెప్తే, "అయితే ఆ పిల్ల గౌను..." అని లేవబోయింది. మోచేతి దగ్గర తెగిన చెయ్యి సంగతి చెప్పక తప్పలేదు. కత్తెరమ్మ అంతా విని, కాసేపు తన చేతులకేసి చూసుకుంది. వణుకు పోయింది. మోచేతి దాకానే చేతులు పెట్టి లేసు వేలాడదీస్తే అదే అందం అనుకుంటారులే, అంది. తల పనిచేస్తోందనడానికి అంతకన్నా సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. నీరసం ఎలా ఉందమ్మా అంది. సూదమ్మ పెదవి విడింది. విడినదాన్ని పళ్ళతో నొక్కిపట్టింది. కత్తెరమ్మ చెల్లెలు చెబుతుందని చూసింది, చెప్పకపోయేసరికి వింతగా చూసింది, ఆ తర్వాత గొంతు సవరించుకుంది.

"నీరసంగానే ఉందండీ. మంట తగ్గింది. దాహంగా ఉంది. ఆ మాట చెప్పి ఎన్నాళ్ళయిందో."

పొక్కులన్నీ పక్కు కట్టాయి, కొత్తవి లేవు, ఆ మాత్రతో ఇక పని లేదంది డాక్టరమ్మ. మోకాళ్ళ మాత్రలు తనని అడక్కుండా ముట్టొద్దంది. కోత గది గడప బయట మంచినీళ్ళ కూజా పెట్టుకోమంది. ఎంత తాగాలో కిడ్నీలు చూసి తాను చెబుతుందట. "ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా మొదటి మాట కిడ్నీల గురించి చెప్పాలి. మీరే చెప్పాలి," అని మీరే అన్న మాట దగ్గర కాస్త ఆగి వెళ్ళిపోయింది.

ఒప్పందం ఒప్పందమే. కూతురు కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, సరేలే, ఆదివారం బస్సుకి నేనొక్కదాన్నే పోతాను, పిన్నిని ఇక ఏమీ అనను అంది. సూదమ్మకి ఒళ్ళంతా తేలికైపోయింది. అక్క బట్టలు మడతపెడుతూ, ఇంటికెళ్ళగానే కూజా ఎక్కడ పెట్టాలా అని మనసులో గడప కొలుస్తోంది.

"నేనూ వస్తానే," అంది కత్తెరమ్మ.

మడతపెడుతున్న చీర సూదమ్మ చేతుల్లోనే ఆగిపోయింది. నీకు బాగైపోయింది కదక్కా, డాక్టరమ్మే చెప్పింది కదా, అంది. గడగడా ఇంకా ఏదో అనబోయింది. కత్తెరమ్మ చెయ్యెత్తింది. కొలత తీసేటప్పుడు కదలొద్దని పెళ్ళికూతుళ్ళకి ఎత్తే చెయ్యి అది.

"బాగైంది గనకే వెళ్తానంటున్నాను. మతి పోయాక తీసుకెళ్తే అది సామాను చేరెయ్యడం. మతి ఉండగా వెళ్తే అది నేను వెళ్ళడం. ఈసారి నయమైంది, రేపెలా ఉంటుందో ఎవరికి తెలుసు? నీ మీద కోపం లేదే చెల్లీ. నా కూతురింట్లో నాలుగు రోజులు నా నోటితో నేను మాట్లాడి చూస్తాను. ఎలా ఉంటుందో చూడాలనుంది." ఆవిడ కూతురి వైపు తిరిగింది. మొహంలో చిన్నపిల్ల సంబరం కనిపించింది. "నాకు వీధి వైపు కిటికీ ఉన్న గది ఇస్తావా?"

కూతురు తల్లి చేతి మీద వేసిన తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. సూదమ్మ ఆ మొహాన్ని చూసింది. పుట్టినప్పటినుంచి ఎరిగిన మొహమే. అందులో ఇప్పుడున్నది ఏమిటో మాత్రం పోల్చుకోలేకపోయింది.

"అమ్మా," అంది కూతురు, నేలకేసి చూస్తూ. "నేను తీసుకెళ్తానన్నది మా ఇంటికి కాదు."